మొదటి ప్రశ్నకు మొదటి కప్పు

ముందు చక్రం వినిపించేది. మనిషి ఆ తర్వాత.

మనిసాలెస్ అనే కాఫీ కొండల ఊరి వాలు వీధుల్లో మధ్యాహ్నం మూడు దాటితే మబ్బు కిందికి దిగి నడుస్తుంది. ఎదురు మేడ మాయమవుతుంది. వీధి మలుపు మాయమవుతుంది. చాచిన చెయ్యి కూడా కొంచెం పలచబడినట్టుంటుంది. ఆ తెల్లదనంలోంచి కీచుమనే చప్పుడొకటి, కాస్త ఆగి మళ్ళీ ఒకటి, కొండెక్కుతూ వచ్చేది. గురువారాల్లో పాత కాఫీ గిడ్డంగి మెట్ల మీద నిలబడ్డవాళ్ళు ఆ చప్పుడు విని కండువాలు సర్దుకునేవాళ్ళు. కాసేపటికి మబ్బులోంచి పసిపిల్లల తోపుడుబండి ముక్కు బయటపడేది. దాన్లో పిల్లకు బదులు అమ్మకానికి ఆరు కాఫీ ఫ్లాస్కులు. వాటి వెనక గళ్ళ శాలువా. ఆ శాలువాలో దోన్యా ఎదిల్మా, అంటే ఎదిల్మాగారు.

"ఆ చక్రానికి ఓ చుక్క నూనె పోస్తే ఏం పోయింది దోన్యా ఎదిల్మా?" అనేవాడు అర్సేసియో, ముప్ఫై ఏళ్ళు సిటీబస్సు నడిపి రిటైరైన మనిషి.

"పోస్తే నేనొస్తున్నానని మీకెట్లా తెలుస్తుందండీ? మీ బస్సుకి హారన్ లేదూ?"

"హారన్ ఉండేది. బ్రేకే సరిగ్గా ఉండేది కాదు."

"అందుకేగా ఇంటికి పంపించారు!"

మెట్ల మీద నవ్వు లేచి మబ్బులో తడిసిపోయేది.

ఆ గిడ్డంగిలో ఇప్పుడు కాఫీ మూటలు లేవు. గోనెపట్టా వాసన మాత్రం గోడల్ని వదల్లేదు. ఆ వాసన కిందే ఎనభై కుర్చీలు, ఒక తెర, ఒక బల్ల. ప్రతి గురువారం సాయంత్రం అయిదింటికి ఎవరో ఒకరు వచ్చి ఊరివాళ్ళకు సైన్సు చెబుతారు. నాచు గురించి, గబ్బిలాల గురించి, చంద్రుడు ఏటా కొంచెం కొంచెంగా దూరమవడం గురించి. ఇదంతా నడిపేది దోన్ హిల్దార్దో. బడిలో ఫిజిక్సు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయిన పంతులు. పదకొండేళ్ళ కిందట ఆయన మొదలుపెట్టినప్పుడు ఒక్కటే ఇబ్బంది. ఉపన్యాసం అయ్యాక ఎవరూ నోరు తెరిచేవాళ్ళు కాదు. చదువుకున్నవాళ్ళు పక్కవాళ్ళు నవ్వుతారని, చదువుకోనివాళ్ళు అందరూ నవ్వుతారని.

అప్పుడాయన ఒక పద్ధతి పెట్టాడు. మొదటి ప్రశ్న పడేదాకా హాల్లో ఎవరికీ కాఫీ లేదు. మొదటి ప్రశ్న అడిగినవాళ్ళకే మొదటి కప్పు. ఆ కప్పు వెనక స్తంభం దగ్గర ఎదిల్మా చేతిలో నిండి, వరస తర్వాత వరస, చేతుల మీదుగా ప్రయాణం చేసి వాళ్ళను చేరాలి. ఎవరి కప్పు వాళ్ళు పోసుకోకూడదు. చలికి వణుకుతున్న ఊళ్ళో ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. ఎవరూ అడక్కపోతే అర్సేసియో లేచేవాడు. ఆయన ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే, నాచైనా చంద్రుడైనా, ఊరి పక్కన మంచు కప్పుకున్న అగ్నిపర్వతం గురించే. "అయితే ప్రొఫెసరు గారూ, దీనివల్ల మన కొండ మళ్ళీ పేలే ప్రమాదం ఏమన్నా ఉందాండీ?"

హాలంతా చప్పట్లు కొట్టేది. జవాబుకు కాదు, కాఫీకి.

ఎదిల్మా ఆ హాల్లోకి మొదటిసారి వచ్చింది, ఆ తొలి రోజుల్లోనే, వానకు. చూరు కింద నిలబడితే బండి తడుస్తోందని లోపలికి తోసింది. లోపల ఎవరో మనిషి తెరమీద బూడిద చూపిస్తున్నాడు. వేల రెట్లు పెద్దది చేసిన బూడిద. అది బూడిదలా లేదు. పగిలిన సీసా పెంకుల కుప్పలా ఉంది. "కొండ బూడిదంటే గాజే" అన్నాడాయన. ఎదిల్మా బండి పట్టుకున్న చేతుల్ని తిప్పి చూసుకుంది.

కొండ పేలిన ఏడు ఆమెకు పదిహేడేళ్ళు. తెల్లారి లేచేసరికి వాళ్ళ కాఫీ తోట నెరిసిపోయి ఉంది. ఆకు ఆకునూ గుడ్డతో తుడిచారు, ఆమే వాళ్ళమ్మానూ. మూడు రోజులు తుడిచారు. వేళ్ళ కొనలు సన్నగా, వెంట్రుకల్లా కోసుకుపోయాయి. బూడిద కొయ్యడమేమిటని తండ్రి విసుక్కున్నాడు. పాపిష్టి చేతులకే అలా అవుతుందని ఒక ముసలావిడ అంది. పెళ్ళయి, ఈ ఊరొచ్చి, వాళ్ళిళ్ళలో వీళ్ళిళ్ళలో వంట చేసి, చివరికి బండి పట్టినా, ఆ మాట ఆమె వేళ్ళలో ఎక్కడో ఉండిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత, వానకు తలదాచుకున్న ఒక సాయంత్రం, అది కరిగిపోయింది. గాజు. అంతే. చేతుల తప్పేం లేదు.

అప్పటినుంచి ఆమె ఒక్క గురువారం మానలేదు. ప్రతి ఉపన్యాసంలోంచీ ఒక్క వాక్యం ఇంటికి తీసుకుపోయేది, రొట్టెముక్క కొంగున కట్టుకున్నట్టు. గబ్బిలం తన కేక తిరిగి రావడాన్ని బట్టి గోడను తెలుసుకుంటుంది. నాచుకు వేళ్ళుండవు. వెలుతురు వచ్చేసరికి ఆ నక్షత్రం ఉండకపోవచ్చు. మర్నాడు కొండెక్కుతూ ఆ వాక్యాన్ని చక్రం చప్పుడుకు కలిపి మననం చేసుకునేది.

ఆమె అడగాలనుకున్న ప్రశ్న మాత్రం అడగలేదు. పదకొండేళ్ళూ అందరి మొదటి ప్రశ్నకూ కప్పు నింపింది. తన ప్రశ్నకు కప్పు నింపేవాళ్ళెవరు?

అది వాళ్ళమ్మ ప్రశ్న. వాళ్ళమ్మ కళ్ళు పొయ్యి పొగకు చూపు పోగొట్టుకున్నాయి. కళ్ళు పోయాక ఆమె బెల్లం నీళ్ళు చెవితో పోసేది. గిన్నెలోకి ధార పడుతుంటే తల కొంచెం వంచి, "ఇవి చల్లారినయ్యే, మళ్ళీ పెట్టు" అనేది. లేకపోతే, "జాగ్రత్త, కాలుతయ్" అనేది. చెయ్యి పెట్టి చూడకుండా. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. "చన్నీళ్ళు గాజుగాజుగా పడతయ్యే, వేణ్ణీళ్ళు గుడ్డలాగ మెత్తగా పడతయ్. మీకు వినపడదూ?" అనేది ఆమె. ఎదిల్మాకు వినపడేది. ఆరు ఫ్లాస్కుల్లో ఏది పొద్దుటిదో, ఏది ఇప్పటిదో ఆమె మూత తియ్యక్కర్లేకుండా, కప్పులో పడే చప్పుడుతో చెప్పగలదు. ఎలా వినపడుతుందో, అసలది నిజంగా వినపడుతుందో లేక తల్లి మీది ఇష్టం కొద్దీ అనుకుంటోందో, ఆమెకు తెలియదు.

పదకొండో ఏడు గిడ్డంగికి కొత్త మేనేజరు వచ్చింది. పేరు మార్సెలా. చెడ్డ మనిషి కాదు. ప్రతి వస్తువుకూ ఒక చోటుండాలన్న మనిషి. మొదటి వారమే ఎదిల్మాను పిలిచింది.

"మీరు చాలా ఏళ్ళుగా వస్తున్నారని హిల్దార్దో గారు చెప్పారు. ఆయన మాట తీసెయ్యలేను. ఆ స్తంభం దగ్గరే ఉండండి. కానీ మీవైపునుంచి చప్పుడు రాకూడదు. చక్రం గానీ, మూత గానీ, మాట గానీ."

"ప్రశ్నలప్పుడు కూడానా మేడం?"

"ప్రశ్నలు వినడానికొచ్చినవాళ్ళకి. మీరు అమ్మడానికొచ్చారు. ఒక్కసారి మాట వినిపించినా బండి బయట పెట్టుకోవాల్సొస్తుంది. ఏమనుకోకండి."

"అనుకోనులెండి" అంది ఎదిల్మా.

ఆ గోడలు రెండడుగుల మందం. బయట మెట్ల మీద నిలబడితే లోపలి మాట ఒక్కటి కూడా రాదు. బండి వదిలి లోపల కూర్చుంటే ఆ రోజు బేరం లేదు. స్తంభం పోతే గురువారం పోయినట్టే. అందుకని ఆమె ఆ సాయంత్రమే చక్రానికి నూనె పోసింది. మరుసటి గురువారం మెట్ల మీద ఎవరికీ ఆమె రాక తెలియలేదు. మబ్బులోంచి ఉన్నట్టుండి పక్కన ప్రత్యక్షమైతే అర్సేసియో గుండె పట్టుకుని, "ఆవె మరియా! దెయ్యంలాగా వచ్చారేంటండీ!" అన్నాడు. ఆమె నవ్వలేదు.

మూడో గురువారం ఉపన్యాసానికి తతియానా ఓస్సా అనే అమ్మాయి వచ్చింది. కొండ మీద వేడి ఎక్కడ పెరుగుతోందో కెమెరాతో చూసే పని ఆమెది. వేడిని రంగులుగా చూపించే కెమెరా. దాన్ని హాలువైపు తిప్పగానే తెరమీద ఎనభైమందీ నారింజపండు మొహాలతో, నీలం ముక్కులతో ప్రత్యక్షమయ్యారు.

"నా ముక్కు చచ్చిపోయిందా అమ్మాయ్?" అన్నాడు అర్సేసియో.

"చలికండీ. బతికే ఉంది."

వెనక స్తంభం దగ్గర ఫ్లాస్కుల మూతలు దీపాల వరసలా, వాటి పక్కన ఎదిల్మా చిన్న మంటలా కనిపించారు. ఆమె తెరమీద తనను తాను చూసుకుని శాలువా దగ్గరకు లాక్కుంది. మంట ఒక పక్క కొంచెం ఆరింది.

వీధిలో మబ్బు చిక్కబడి, తలుపు సందులోంచి లోపలికొచ్చి వెనక వరసలో కూర్చుంది. తతియానా మెత్తగా మాట్లాడుతోంది. కొండ లోపల ఎంత వేడి ఉన్నా దాని మీద మంచు ఎలా నిద్రపోతుందో. ఆ మంచు కింద ఒకచోట మాత్రం నేల వెచ్చగా ఎలా ఊపిరి తీస్తుందో. చివర్లో ఆమె అంది: "వేడిని ఒళ్ళు తెలుసుకుంటుంది. ఈ కెమెరా చూస్తుంది. చెవికి మాత్రం అది అందదు. వేడికి నోరు లేదు. అందుకే మేం ఇంత కష్టపడాలి."

అందరికీ నచ్చింది ఆ మాట. ఎవరో కాగితం మీద రాసుకున్నారు కూడా.

ఎదిల్మా చూపు తలుపు దగ్గరికి పోయింది. అక్కడ మార్సెలా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. హిల్దార్దో లేచి, "మొదటి ప్రశ్న?" అన్నాడు. అర్సేసియో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేవబోతున్నాడు. ఆయన లేస్తే కొండ పేలుతుందా అని అడుగుతాడు, కప్పు నిండుతుంది, ఈ సాయంత్రం కూడా అన్ని సాయంత్రాల్లాగే పోతుంది. స్తంభం ఉంటుంది. వచ్చే గురువారం ఉంటుంది. వేడికి నోరు లేదన్న వాక్యం కూడా ఉంటుంది. రేపు కొండెక్కుతూ తను మననం చేసుకోవాల్సింది ఆ వాక్యమే. తలవంచి ధార వినే ముసలి మొహం ఒకటి, పొగలోంచి, ఆమెవైపు తిరిగింది.

"ఉందమ్మా" అంది ఎదిల్మా.

ఎనభై తలలు వెనక్కి తిరిగాయి.

"వేడికి నోరుందమ్మా. మా అమ్మకి వినపడేది. నాకూ వినపడుద్ది. ఎందుకు వినపడుద్దో అది మీరు చెప్పాలి."

ఎవరో చిన్నగా నవ్వారు. మార్సెలా చేతులు విప్పింది. హిల్దార్దో మొహంలో మాత్రం, బడిలో ఎన్నడూ చెయ్యెత్తని పిల్ల చెయ్యెత్తినప్పటి వెలుగు.

"మొదటి ప్రశ్న అయింది. కప్పు" అన్నాడు. అని, గుర్తొచ్చి ఆగాడు. కప్పు నింపే మనిషే ప్రశ్న అడిగింది. ఎవరి కప్పు వాళ్ళు పోసుకోకూడదు. పదకొండేళ్ళలో ఈ చిక్కు రాలేదు. ఆయనే వరసల మధ్యనుంచి నడిచి స్తంభం దగ్గరకొచ్చాడు. తెర వెలుతురు తప్ప దీపం లేదు. ఫ్లాస్కులకు కట్టిన ఎర్రగుడ్డా నీలిగుడ్డా ఆ మసకలో ఒకటే రంగు. ఆయన చేతికందింది తీసి కప్పులోకి వంచాడు.

ఎదిల్మా ఆయనవైపు చూడటం లేదు. తతియానా జవాబు కోసం చూస్తోంది. అలా చూస్తూనే అంది: "అయ్యో హిల్దార్దో గారూ, అది నిన్నటిదండీ. నాకోసం ఉంచుకున్నది. ఎర్రగుడ్డది తియ్యండి."

హిల్దార్దో కప్పు నోటి దగ్గర పెట్టుకుని చప్పరించాడు. "చల్లారిపోయింది" అన్నాడు హాలుకు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

తతియానా కెమెరా చంకలో పెట్టుకుని మెల్లగా వెనక్కి నడిచి వచ్చింది. "మీరు చూళ్ళేదు కదా?"

"లేదమ్మా. విన్నాను."

"ఇంకోసారి పెట్టి చూద్దామా? కోపం రాదు కదా మీకు?"

"కోపమెందుకే తల్లీ! పదకొండేళ్ళనుంచి నిలబడే ఉన్నాను."

ఎదిల్మాను గోడవైపు తిప్పి నిలబెట్టారు. కెమెరా ఫ్లాస్కులవైపు చూస్తోంది. తెరమీద ప్రతి ధారా దాని వేడిమి రంగులో పడుతుంది. హాలుకు తెర కనిపిస్తుంది, ఎదిల్మాకు గోడ. తతియానా ఒక ఫ్లాస్కు తీసి పోసింది.

"వేడి" అంది గోడవైపునుంచి గొంతు. తెరమీద ధార పసుపుపచ్చగా వెలిగింది.

ఇంకోటి.

"పొద్దుటిది. గోరువెచ్చన." తెరమీద కుంకుమరంగు.

నాలుగోసారికి ముందు వరసలో ఒకావిడ తెర చూడటం మానేసి కళ్ళు మూసుకుంది. ఆవిణ్ణి చూసి పక్కావిడ. అలా అలా, ఎవరూ చెప్పకుండానే, హాలంతా కళ్ళు మూసుకుంది. అర్సేసియో కూడా. మార్సెలా కూడా, తలుపుకు ఆనుకుని. మబ్బు కుర్చీల మధ్య తిరుగుతోంది. ఎనభైమంది పెద్దవాళ్ళు, చలికోట్లలో, ఊపిరి బిగబట్టి, కప్పులోకి కాఫీ పడే చప్పుడు వింటున్నారు. చిన్న ధార. పై నుంచి కిందికి అరజానెడు ప్రయాణం. అందులో ఒకటి కొంచెం మెత్తగా, ఒకటి కొంచెం గరుగ్గా. కొందరికి వినిపించింది. కొందరికి వినిపించినట్టనిపించింది. "ఆఁ!" అని ఒక మూలనుంచి ఎవరో, చాలా ఏళ్ళకు ఇంటి తాళంచెవి దొరికినట్టు.

ఏడోసారి ఎదిల్మా, "చల్లనిది" అంది.

కళ్ళు తెరిచినవాళ్ళకు తెరమీద ధార పసుపుపచ్చగా, నిప్పులా కనిపించింది. తప్పు.

హాల్లో ఒక నిట్టూర్పు తిరిగింది. ఎదిల్మా గోడనుంచి వెనక్కి తిరిగి కప్పు చూసింది.

"బెల్లం నీళ్ళు" అంది. "ఆకుపచ్చ గుడ్డది. దాంట్లో కాఫీ కాదమ్మా, బెల్లం నీళ్ళు. ఇవాళ చిక్కగా కాచాను. తప్పు చెప్పాను, క్షమించండి." ఆ మాట ఆమె ఎవరికి చెబుతోందో, తతియానాకో, మార్సెలాకో, పొగలోని ముసలి మొహానికో, తెలియలేదు. ఇంక బండి సర్దుకోవాలన్నట్టు మూతల కోసం తడిమింది.

"ఆగండాగండి!" తతియానా ఆమె మణికట్టు పట్టుకుంది. "ఏడూ ఒప్పయితే నాకేం తెలిసేది కాదు. ఈ తప్పే నాకు కావాలి. మీరు సరిగ్గా తప్పారండీ!"

"తప్పడంలో సరేంటే అమ్మా?"

"చూడండి. చల్లబడితే నీళ్ళు కాస్త చిక్కబడతాయి. వేడెక్కితే పలచబడతాయి. కంటికి తెలీదు. బెల్లం కలిస్తే వేడిగా ఉన్నా చిక్కబడతాయి. అందుకే ఈ వేడి బెల్లం నీళ్ళు మీకు చల్లని కాఫీలా వినపడ్డాయేమో. మీ చెవి వినేది వేడిని కాదేమో, వేడి చేసిన పలచదనాన్నేమో. ఏమో అంటున్నాను. నాకు తెలీదు. ధారలో బుడగలు చేసే పనేమో కూడా. చదవాలి, కొలవాలి." ఆమె హాలువైపు తిరిగింది. "వేడికి నోరు లేదని ఇందాక అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. సొంత నోరు లేకపోయినా, నీళ్ళ నోటితో మాట్లాడుతుందేమో."

హిల్దార్దో ఈసారి గుడ్డను తెర వెలుతురుకు పట్టి చూసి, ఎర్రదే తీసి, కప్పు నింపాడు. ఎదిల్మాకు ఇవ్వబోయాడు. అర్సేసియో అడ్డుపడ్డాడు.

"అట్లా ఎట్లా ఇస్తారండీ? పద్ధతి పద్ధతే. చేతుల మీదుగా పోవాలి."

స్తంభం దగ్గర నిండిన కప్పు స్తంభం దగ్గరికే చేరాలంటే దారేది? అర్సేసియో దాన్ని ముందు వరసకు పంపించాడు. కప్పు ఎడమ చివరనుంచి బయల్దేరి, ఎనభై జతల చేతులు తిరిగి, హాలంతా చుట్టి, వెనక్కొచ్చింది. చివరి చెయ్యి మార్సెలాది. అప్పటికి ఆ కాఫీ ఎంత వెచ్చగా ఉందో చెప్పడానికి ఎవరి చెవీ అక్కర్లేదు. ఎదిల్మా తాగింది. పదకొండేళ్ళలో ఆ హాల్లో ఆమె తాగిన మొదటి కప్పు.

అందరూ వెళ్ళాక మార్సెలా వచ్చింది. "మాట అన్నాక మాటే కదా దోన్యా ఎదిల్మా. మీకొకలాగా, బయట పూలమ్మేవాళ్ళకొకలాగా ఉండలేను."

"తెలుసు మేడం. తెలిసే నోరు తెరిచాను."

"బండి బయటే." మార్సెలా కుర్చీల వరసలవైపు చూసింది. "బండి గురించే నేను చెప్పేది. కుర్చీలు వినేవాళ్ళవి. ప్రశ్న అడిగినవాళ్ళు వినేవాళ్ళు కాదని ఎట్లా అంటాను?"

ఆ తర్వాతి గురువారం ఎదిల్మా చక్రాన్ని సబ్బునీళ్ళతో కడిగి నూనె వదలగొట్టింది. మెట్ల మీద బండి ఆపి ఫ్లాస్కులవైపు దిగులుగా చూస్తుంటే అర్సేసియో వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"లోపలికి పొండి. నేను చూసుకుంటాను."

"మరి మీ ఉపన్యాసం?"

"నాకు ఉపన్యాసంతో ఏం పనండీ, నా ప్రశ్న ఒకటేగా. నా బదులు మీరే అడగండి. కొండ పేలుతుందా అని."

"పేలుతుందంటే?"

"నన్ను పిలవండి. బండితో సహా దిగిపోతా. ఈ బండికీ బ్రేకు లేదు."

అలా ఆమె రెండో వరసలో కుర్చీకి మారింది. కప్పు ఇప్పుడు తలుపు బయటినుంచి బయల్దేరుతుంది. దారి పెరిగింది. చలి రోజుల్లో చేరేసరికి సగం చల్లారుతుంది. అయినా ఎవరూ పద్ధతి మార్చమనలేదు. స్తంభం దగ్గర నిలబడే అలవాటు పోక ఎదిల్మా మొదట్లో కుర్చీ అంచునే కూర్చునేది. తర్వాత్తర్వాత వెనక్కి వాలింది. తతియానా నెలకోసారి కొండ దిగి వచ్చినప్పుడు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, చిక్కటివీ పలచనివీ బెల్లం నీళ్ళు కప్పుల్లోకి పోస్తూ, ఒక నోటుబుక్కులో ఏవో గీతలు గీసుకుంటారు. ఇంకా తేలలేదు. తేలకపోవడం ఎదిల్మాకు బాగుంది. అమ్మ ఇంకా ఆ పనిలోనే ఉన్నట్టుంటుంది.

ఆమె కథ అడిగి రాసుకుపోదామని ఒక గురువారం వెళ్ళినవాళ్ళకు ఇదంతా ఆమె ఆ మెట్ల మీదే చెప్పింది, మధ్యలో బేరాలు చూసుకుంటూ. చీకటి పడకముందే మబ్బు కమ్మేసింది. ఎదురుగా బండి లేదు, వీధి లేదు, ఆమె మొహం లేదు. మూత తిరిగిన చప్పుడొకటి వినిపించింది. ఆ పైన ఆమె గొంతు:

"రాసింది చాల్లెండి. పోస్తున్నాను, వినండి."